చిన్న నిర్ణయము, పెద్ద భారము



గతమాసమున మా మేనకోడలి యొద్దనుండి ఒక జాబు వచ్చినది. ఆమె అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమందలి ఎడిసన్ నగరమున కాపురమున్నది. విద్యుద్దీపముతో ప్రసిద్ధి కెక్కిన థామస్ ఎడిసన్ పేరు ఆ ఊరికి 1954లో పెట్టిరి. అచ్చటి ఓక్ ట్రీ రోడ్డున మన దేశపు అంగళ్లు వరుసగా నున్నవి. కందిపప్పు, చింతపండు, ఆవకాయ అన్నియు దొరకును.

“మామయ్యా, నా కష్టము వినిన నవ్వుదురేమో. పని ముగించుకొని బియ్యము కొనుటకు పోయితిని. సోనా మసూరి సంచులే ఎన్నియో రకములు. ఏది మంచిది, ఏది చవుక, అత్తగారికి ఏది నచ్చును అని చూచుచుండగా భుజములు బిగిసినవి, గుండె దడదడలాడినది. వట్టి చేతులతో ఇంటికి వచ్చి ఏడ్చితిని. ఇంత చిన్న పనికిని పనికిరాకపోతినా?” అని వ్రాసినది.

నేను నవ్వలేదు. భగవద్గీత మొదటి అధ్యాయము చదివినవా రెవ్వరును నవ్వరు. అర్జునుడు పిరికివాడు కాడు. అయినను నిర్ణయింపవలసిన వేళ అతని అవయవములు పట్టుతప్పినవి, నోరెండినది, దేహము వణకినది, గాండీవము చేజారినది. యుద్ధమెక్కడ, బియ్యపు సంచి యెక్కడ అందురు. నిజమే. కాని మనస్సు భయపడినప్పుడు శరీరము ఆ భేదమును అంతగా ఎంచదు. గుండె వేగము హెచ్చును, కండరములు బిగియును. ఆకలి, నిద్రలేమి, అలసట తోడైనచో మరింత హెచ్చును.

2000 సంవత్సరమున అమెరికాలో ఇద్దరు పండితులు ఒక పరిశోధన ప్రకటించిరి. అంగడిలో 24 రకముల పండ్లజాము పెట్టినపుడు, ఆగి చూచినవారిలో నూటికి ముగ్గురే కొనిరి. 6 రకములే పెట్టినపుడు నూటికి ముప్పదిమంది కొనిరి. తరువాతి పరిశీలనలలో ఎల్లప్పుడును ఇట్లే తేలలేదు గాని, మా మేనకోడలి వంటివారికి ఇది అనుభవమే.

మన పూర్వులకు చెఱకుతోటలలో బియ్యము, పప్పు, ఉప్పు మొదలగునవి కొలిచి యిచ్చెడివారు. ఏరుకొను బాధ లేదు, ఏరుకొను స్వాతంత్ర్యమును లేదు. కావున రకములు లేకుండుటయే సుఖమని నేననను.

ఆమెకు ఇట్లు వ్రాసితిని: “అమ్మాయీ, అన్నిటికంటె మేలైనది వెదకకుము, చాలినది చాలును. ఇంటి వద్దనే ధర, రకము నిశ్చయించుకొని పొమ్ము. ఒకసారి బాగున్నదానినే మరల కొనుము. భుజములు బిగిసినచో సంచి క్రింద పెట్టి, నిదానముగ ఊపిరి విడువుము. ఈ దడ తఱచుగా వచ్చి నిద్రాహారములు చెడినచో వైద్యుని చూడుము. అందు సిగ్గు లేదు. అర్జునుడును తన కలతను దాచుకొనక చెలికానితో చెప్పుకొనెను గదా!”

ఇక మనకు ఒక మాట. ఆమె భయపడినది బియ్యమునకు కాదు, ఇంటికి వచ్చిన పిదప వినవలసిన మాటలకు. ఏమి వండవలె, ఏమి కొనవలె, పిల్లల కేమి కట్టవలె అను నిర్ణయములన్నియు ఇల్లాలి నెత్తిన వేసి, వంకలు పెట్టుట మాత్రము మనపని చేసికొనుచున్నాము. ఈ వారము ఆ నిర్ణయములలో ఒకటి మీరు పుచ్చుకొనుడు. లేదా ఆమె తెచ్చినదానిని మెచ్చి భుజింపుడు.

వచ్చు మాసము వరకు సెలవు.