ఎత్తు కొలిచే కర్రతో వాదన వద్దు



సెలవుల్లో పిల్లల్ని హైదరాబాదు తీసుకుపోదామని కమిటీ అనుకున్నప్పట్నుంచి మన గ్రూపులో మూడు మాటలు నడుస్తున్నాయి. పిల్లలు వండర్‌లాలో రీకాయిల్ ఎక్కాలంటున్నారు. పెద్దలు కొందరు ఆ తలకిందుల బండి వద్దే వద్దంటున్నారు. ఇంకొందరు "మావాడు రెండంగుళాలే తక్కువ, సంఘం తరఫున ఒక మాట చెప్తే వదిలేస్తారులే" అంటున్నారు. నాకు భయం ఆ బండిని చూసి కాదు, ఈ మూడో మాట విని.

ఆ పార్కు రావిర్యాల దగ్గర 2016లో తెరిచారు. ఈ రకం బండికి ఇంజను లేదు, డ్రైవరు లేడు. అందరూ కూర్చున్నాక బండిని వెనక్కి, సుమారు 35 మీటర్ల ఎత్తుకు లాగి వదులుతారు. అది స్టేషన్ దాటి, మూడుసార్లు తలకిందులై, ఎదుటి ఏటవాలు ఎక్కుతుంది. గాలీ రాపిడీ కొంత వేగాన్ని తినేస్తాయి కాబట్టి మిగిలిన ఎత్తుకు మళ్ళీ లాగాలి. అక్కడ వదిలితే వెనక్కి నడుస్తూ ఇంకో మూడుసార్లు తలకిందులు. మన షటిల్ బండి మాదిరే, పోయిన దారినే రావడం.

మేట్టుపాళయం నుంచి పోయే ఊటీ రైల్లో పెట్టెకొక బ్రేకు మనిషి ఉంటాడు. ఇక్కడ బండిలో బ్రేకే లేదు, అది స్టేషన్ పట్టాలోనే ఉంటుంది. నడుమ ఎవరు అరిచినా ఆపేదానికి వీల్లేదు. ఎవరు ఎక్కాలి, ఎవరు ఎక్కకూడదు అన్నది గేటు దగ్గరే తేలిపోవాలి.

వద్దే వద్దనే పెద్దలకు ఒక మాట. 1895లో అమెరికాలోని కోనీ ఐలండ్‌లో వేసిన సుడి అచ్చంగా గుండ్రం. ఎక్కినవాళ్ళ మెడలు పట్టేసేవి. 1976లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ ష్టెంగెల్ దాన్ని నీటిబొట్టు ఆకారానికి మార్చాడు. మెల్లమెల్లగా బిగుసుకునే ఆ వంపు రైల్వేకు పాతదే. నేరు పట్టా మలుపులోకి తిరిగే చోట మేం ట్రాన్సిషన్ కర్వ్ అనేది అదే. మరుసటి ఏడే ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కంపెనీ ముందుకు పోయి వెనక్కి వచ్చే షటిల్ లూప్‌ను అమెరికా పార్కుల్లో పెట్టింది. ఇదంతా లెక్క కట్టి చేసిన పని. పిల్లలకు ఊరికే అడ్డం చెప్పకండి.

అయితే ఆ లెక్కలో మనిషి ఒళ్ళు కూడా చేరి ఉంది. ఒంటిని పట్టి ఉంచే కడ్డీ ఫలానా కొలత మనిషి కోసం చేసింది. 2011 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని డేరియన్ లేక్ పార్కులో, ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్న మాజీ సైనికుడొకడు రైడ్ ఆఫ్ స్టీల్ ఎక్కాడు. రెండు కాళ్ళూ ఉండాలని రూలు రాసి పెట్టి ఉన్నా సిబ్బంది ఆపలేదు. బండి నుంచి ఎగిరిపడి చనిపోయాడు. అక్కడ ఎవరికీ చెడ్డ ఎణ్ణం లేదు. వద్దని ఒక్క మాట ఎవరూ అనలేదు, అంతే.

టికెట్టు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 12 నిండితే పూర్తి టికెట్టు అని, మీసం మొలిచే పిల్లోడికి కూడా పదకొండే అనేవాళ్ళు. రైల్లో వయసు తగ్గిస్తాం, పార్కులో ఎత్తు పెంచుతాం. రైల్లో పోయేది కొంత డబ్బు. పార్కులో పోయేది పిల్లవాడు.

కాబట్టి కమిటీకి నా విన్నపం. బయల్దేరే ముందే చెప్పులు విప్పించి ప్రతి పిల్లవాడి ఎత్తు కొలిచి రాసుకోండి. చాలనివాళ్ళకు ఇక్కడే చెప్పేయండి, అక్కడికిపోయి ఏడ్చే పని ఉండదు. గుండె జబ్బు, బీపీ, మెడ, నడుము నొప్పులున్న పెద్దలు, గర్భిణులు కింద నిలబడి చూస్తే చాలు. గేటు దగ్గర పనిచేసే కుర్రాడు వద్దంటే "మేం కోయంబత్తూరు నుంచి వచ్చాం" అని ఎవరూ వాదించకూడదు. వాడికి ఒక నమస్కారం పెట్టి వెనక్కి రండి. వాడు కాపాడేది మన బిడ్డనే.