గేర్ల లెక్క కంటె ఇరుసు గట్టితనం ముఖ్యం

తపాలా సంచికీ, రైలు పట్టాల పనికీ సైకిలుతో ఉన్న సంబంధం నేటిది కాదు. ఏడవ వేతన సంఘం రద్దు చేయమన్న సైకిలు అలవెన్సును 2017 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం పోస్టుమన్ల కోసం, రైల్వే ట్రాక్‌మన్ల కోసం నిలిపి ఉంచి, నెలకు 90 రూపాయల నుండి 180 రూపాయలకు పెంచింది. అనగా సంవత్సరానికి 2,160 రూపాయలు. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు మార్చుకొనుటకే చాలీచాలని మొత్తమిది. సైకిలు కొనదలచిన ఉద్యోగి ప్రతి రూపాయినీ ఎందుకు లెక్క చూడవలసి వస్తున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటీవల మన యువ సహోద్యోగులు పలువురు వంపు హ్యాండిలు గల రోడ్డు సైకిళ్ళ వైపు మొగ్గుతున్నారు. దీనిని మేము వృథా వ్యయమని అనము. పాత తరహా ఇనుప సైకిలు సుమారు ఇరవై కిలోలు తూగుతుంది. అల్యూమినియం ఫ్రేము గల సాధారణ రోడ్డు సైకిలు పదకొండు, పన్నెండు కిలోలు. క్వార్టర్స్ నుండి స్టేషనుకో, పోస్టాఫీసుకో నిత్యం పది కిలోమీటర్లు తొక్కేవారికి ఈ తేడా మోకాళ్ళలో తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళపైన, విడిభాగాలపైన జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గుట కూడ కొంత ఊరట.

అయితే దుకాణంలో దాదాపు ఒకే ధరకు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి 21 గేర్లు, డిస్కు బ్రేకులు, మెరిసే రంగులు గలది. రెండవది 16 గేర్లతో, మామూలు రిమ్ము బ్రేకులతో, ఆర్భాటం లేనిది. రెండవదే కొనవలెనని మా అభిప్రాయం.

మొదటి కారణం వెనుక చక్రపు ఇరుసు. చౌక సైకిళ్ళలో ఫ్రీవీలును మర తిప్పి హబ్బుకు బిగిస్తారు. అందువలన కుడివైపు బేరింగు లోపలికి జరిగి, ఇరుసు చివర కొంతమేర ఆధారం లేకుండ నిలుస్తుంది. గుంతల రోడ్డుమీద ఇరుసు వంగేది, విరిగేది సాధారణంగా అక్కడే. క్యాసెట్టు తరహా హబ్బులో బేరింగు ఫ్రేము అంచుకు చేరువగా ఉండి బరువును మోస్తుంది. షిమానో క్లారిస్ వంటి 8 గేర్ల అమరికకు సాధారణంగా క్యాసెట్టు చక్రమే ఉంటుంది. అయినను కొనేముందు అడిగి తెలుసుకొనవలెను.

రెండవది గేర్ల లెక్క. 21 గేర్లలో అనేకం ఒకదానికొకటి దాదాపు సమానమే. ఎత్తు ఎక్కించేది అన్నిటికంటె తేలిక గేరు ఒక్కటే. ముందు 34 పళ్ళు, వెనుక 28 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టుకు చక్రం 1.2 చుట్లు తిరుగుతుంది. ముందు 44, వెనుక 18 పళ్ళు గల గేరులేని సైకిలులో ఇది 2.4 చుట్లు. ఫ్లైఓవరు ఎక్కేవారికి ఈ అంకెలే ప్రమాణం.

డిస్కు బ్రేకు వర్షంలో మేలన్నది నిజమే. కాని తక్కువ ధరలో వచ్చే తీగ డిస్కు బ్రేకును తరచు సరిచేయవలసి వస్తుంది. రిమ్ము బ్రేకును ఏ మెకానిక్కయినా పది నిమిషాలలో సరిచేయగలడు.

టైర్ల విషయంలో ఒక మోసం పొంచి ఉన్నది. పాత సైకిలు టైరును, రోడ్డు సైకిలు 700సి టైరును కూడ 28 అంగుళాలనే వ్యవహరిస్తారు. మొదటిదాని రిమ్ముపై టైరు కూర్చొనే వ్యాసం 635 మిల్లీమీటర్లు, రెండవదానిది 622. ఒకటి మరొకదానికి పట్టదు. మీ ఊరిలో 700సి టైరు, ట్యూబు దొరకునో లేదో ముందే విచారించండి. వెడల్పు 28 మిల్లీమీటర్లకు తగ్గనిది, వీలైతే 32 ఎంచుకొనండి. వాల్వు సన్నని ప్రెస్టా రకమైతే వీధిలోని పంపు దానికి పట్టదు. చిన్న అడాప్టరు వెంట ఉంచుకొనండి.

అన్నిటికి మించి ఫ్రేము మన ఎత్తుకు సరిపోవలెను. పెద్ద ఫ్రేమును తగ్గింపు ధరకు అంటగట్టబోతే నిరాకరించండి. నడుము నొప్పికి తగ్గింపు ఉండదు. మడ్‌గార్డు, క్యారియరు బిగించుటకు రంధ్రాలున్నవో లేవో కూడ చూడవలెను.

బీటులో బరువు సంచులు మోసే సోదరులకు మాత్రం గట్టి ఇనుప సైకిలే నేటికీ సరియైనది. అది శాఖ పనికి వాడే పనిముట్టు. దాని నిర్వహణ భారం ఉద్యోగి జీతంపై పడరాదు. విడిభాగాల ధరలు పెరిగినప్పుడెల్ల సైకిలు అలవెన్సు కూడ పెరగవలెనని మనం అడుగుట న్యాయమైన కోరిక. సొంత సొమ్ముతో కొనేవారు దుకాణదారు చెప్పే గేర్ల లెక్కకు లొంగక, వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి చూచి మరీ కొనవలెనని మా మనవి.