జాడీలో దాగిన శాస్త్రం
గోదావరి డెల్టాలో వేసవి మామిడిని ఏడాది పొడవునా నిలువ ఉంచే ఆవకాయ నిజానికి ఒక సంపూర్ణ పరిరక్షణ విధానం. ముక్కలోని నీటిని బయటికి లాగే ఉప్పు, కాయలోని సహజమైన పులుపు, సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకునే ఆవపిండి, పైకి తేరి గాలి సోకనివ్వని నువ్వుల నూనె అందులో కలిసి పనిచేస్తాయి. మాగాయకైతే చెక్కు తీసిన ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, మూడోనాడు పిండి ఎండబెట్టి, తిరిగి ఆ ఊటలోనే కలుపుతారు. ఆత్రేయపురం తాండ్రలో, తీపి కలిపిన మామిడి రసాన్ని చాపలపై పొరమీద పొరగా పూసి ఎండలోనే గట్టిపరుస్తారు. ఉప్పు తగ్గితే బూజు పడుతుందని, తడి గరిటె జాడీనంతా పాడుచేస్తుందని చేసి చూస్తేనే ఒంటబట్టే ఈ విద్య కొన్న సీసాతో ఇంటికి రాదు గనుక, రాజమహేంద్రవరం పరిసరాల పాఠశాలలు దీనిని వేసవి సెలవులకు ముందే, ఆడపిల్లలతో సమానంగా మగపిల్లలకూ, విజ్ఞాన శాస్త్ర ప్రయోగంగా నేర్పవలసి ఉంది.