బహిష్టు దోషమునకు గర్భనిరోధక మాత్రలు

బరంపురంలో మా ఇంట జరిగిన సంగతి పలు తెలుగు కుటుంబములకు పనికివచ్చునని వ్రాయుచున్నాను. మా మనుమరాలికి రెండు మూడు నెలలకొకసారి బహిష్టు అయ్యెడిది. అయినచో పది దినములైనను ఆగెడిది కాదు. లేడీ డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి మాత్రలు వ్రాసినారు. మందులషాపు కుర్రవాడు "ఇవి పిల్లలు పుట్టకుండా వేసుకొనేవి గదా" అన్నాడట. మా ఇంటావిడ అట్టను పెరటిలో పారవేసి పిల్లను నానా మాటలనినది. పెండ్లిమాటలు నడుచుచున్నవి మరి! నేనును రెండు దినములు ఆ పిల్లతో మాటాడలేదు. అందుకు సిగ్గుపడుచున్నాను.

ఈ మాత్రకు అమెరికాలో 1957లో మొదట అనుమతి లభించినది బహిష్టు దోషములకే, గర్భనిరోధమునకు 1960లో. సాధారణముగా 21 దినములు మాత్ర, 7 దినములు విరామము. ఆ విరామములో స్రావమగును. అంతటితో రోగము కుదిరినట్లు కాదు. థైరాయిడ్, అండాశయముల దోషములు వేరుగా చూపించుకొనవలెను. పొరుగింటి పిల్లకు పనిచేసినదని కొని మింగరాదు. అధిక రక్తపోటు గలవారికి, లోగడ రక్తనాళములలో గడ్డకట్టినవారికి, కండ్లముందు మెరుపులతో పార్శ్వపునొప్పి వచ్చువారికి ఇవి కూడవు.

వైద్యులకు నా మనవి ఒకటి. ఎందుకిచ్చుచున్నారో చీటీపై ఒక్క పంక్తి వ్రాయుడు. ఆఫీసు ఫైళ్లపై నోట్లు వ్రాసి రిటైరయిన వాడను. ఆ పంక్తి విలువ ఎరుగుదును.

రెండవ అట్ట నేనే వెళ్లి తెచ్చితిని. ఆ కుర్రవాడు దానిని పాతపేపరులో చుట్టి, అటునిటు చూచి నా చేతిలో పెట్టినాడు.

— ఒక విశ్రాంత గుమాస్తా, బరంపురం