ఎవర్నీ అడగకుండా వాడుకునే సెల్లు

మోగితే ఎత్తడం, కావలసినవాళ్లకు చేయడం, వచ్చిన మెసేజ్ చదువుకోవడం, చీకట్లో టార్చి వేసుకోవడం. ఈ నాలుగు పనులూ ఎవరి సాయమూ లేకుండా చేసుకోగలిగితే అది సులువైన సెల్లు. ఆ సులువు ధరను బట్టి రాదు, బటన్లు ఉన్నంత మాత్రాన కూడా రాదు. వెయ్యి రూపాయల బటన్ ఫోన్‌లో అక్షరాలు ఆవగింజంత ఉండి చత్వారం కళ్లకు ఆనకపోతే అది కష్టమైన ఫోనే. టచ్ ఫోన్‌ను ఇంట్లో ఒకరు ఓపిగ్గా సర్ది చేతికిస్తే డెబ్బై ఏళ్ల మనిషికీ అది అలవాటవుతుంది.

బెంగళూరు–గుంతకల్లు రైలు మార్గంలో ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఊళ్లు. హిందూపురానికి చింతపండు, పట్టుగూళ్ల వ్యాపారం. ధర్మవరానికి మగ్గం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మూడు ఊళ్ల నుంచీ పిల్లలు చదువుకనీ ఉద్యోగానికనీ బెంగళూరు చేరుతున్నారు. ఇంటి దగ్గర మిగిలిన పెద్దవాళ్లకు పిల్లల గొంతు వినిపించేది సెల్లులోనే. అది మూగబోతే ఆ ఇల్లు ఒంటరిదవుతుంది. అందుకని వాళ్లకు ఫోన్ ఎంచేటప్పుడు తొందర పనికిరాదు.

మొదట చూడాల్సింది సిగ్నల్. షాపు కౌంటర్ మీద నిండుగా కనిపించే గీతలను నమ్మి కొనకూడదు. ఫోన్ రోజంతా ఉండే చోట, అంటే వంటింట్లో, మగ్గం గుంట దగ్గర, తోటలో, ఏ కంపెనీ సిగ్నల్ నిలుస్తుందో ముందు ఇరుగుపొరుగు ఫోన్లతో చూసుకోవాలి. పెనుకొండ చుట్టూ గుట్టలు ఎక్కువ. గుట్టకు ఇవతల అందిన టవర్ అవతల అందకపోవచ్చు. సిమ్ ఏదో తేలాకే ఫోన్ సంగతి.

ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో పాత ఫోన్లు దాచుకున్నవాళ్లకు తెలుసు. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. దుమ్ము దూరని కీప్యాడ్, తల దగ్గర టార్చి, చెమట చేతిలోంచి జారని అంచులు ఉన్న ఆ ఫోన్ ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. సులువు విషయంలో దాన్ని మించిన ఫోన్ ఇప్పటికీ అరుదు. అయితే అది 2జీ ఫోన్. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియోకు 2జీ లేనే లేదు, దాని కాల్స్ కూడా 4జీ మీదే నడుస్తాయి. ఆ సిమ్‌ను పాత ఫోన్‌లో వేస్తే అది మోగదు. కాబట్టి కొత్తగా కొనే బటన్ ఫోన్ డబ్బా మీద 4జీ, వోల్టీ అన్న మాటలు ఉన్నాయో లేదో చూడటం మంచిది. 2017లో వచ్చిన జియోఫోన్, 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ ఈ కోవలోవే. వాటిలో ఆ కంపెనీ సిమ్ మాత్రమే పనిచేస్తుంది. ఇంట్లో ఆ సిగ్నల్ బలంగా ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే ఏ సిమ్ అయినా పట్టే 4జీ బటన్ ఫోన్ మేలు.

చిలమత్తూరు, లేపాక్షి, పరిగి మండలాలు కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంటాయి. ఇంట్లో కూర్చున్నా ఫోన్ అవతలి టవర్‌ను పట్టుకునే అవకాశం ఉంది. ఒకప్పుడు అలా పట్టుకుంటే రోమింగ్ కింద డబ్బు పోయేది. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్, 2017లో ఎయిర్‌టెల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేశాయి. ఇప్పుడు హిందూపురం సిమ్‌తో బెంగళూరులో మాట్లాడినా అదనపు ఖర్చు ఉండదు.

సిగ్నల్ తర్వాత బటన్లు. బటన్లకు మధ్య ఎడం వేలు పట్టేంత ఉండాలి, నొక్కితే లోపలికి దిగినట్టు తెలియాలి. 5 అంకె మీద చిన్న పొక్కు ఉందో లేదో తడిమి చూడాలి. చూపులేనివారు, చూపు మందగించినవారు ఆ పొక్కును ఆధారం చేసుకునే మిగతా అంకెలను గుర్తుపడతారు. ఇక శబ్దం. మగ్గం చప్పుడులో మామూలు రింగు వినిపించదు. ధర్మవరంలో నేతపనివారికి కొనేటప్పుడు రింగునూ స్పీకరునూ పూర్తిగా పెంచి, షాపు బయట రోడ్డు మీద నిలబడి వినాలి. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు ఒక్క బటన్‌తో స్పీకర్ ఆన్ అయ్యే సౌకర్యం ఎంతో అక్కరకొస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టకుండానే ఎఫ్ఎం రేడియో పాడే ఫోన్ అయితే పొద్దంతా తోడు కూడా దొరుకుతుంది.

బ్యాటరీ మీద రాసిన ఎంఏహెచ్ అంకె ఎంత పెద్దదైతే చార్జింగ్ అంత ఎక్కువ గంటలు నిలుస్తుంది. 4జీ బటన్ ఫోన్ పాత 2జీ ఫోన్ కంటే చార్జింగ్ ఎక్కువే తింటుంది, వారం వస్తుందనుకుంటే నిరాశ తప్పదు. చేత్తో తీసి మార్చుకునే బ్యాటరీ ఉన్నదే కొనాలి. అది ఉబ్బినప్పుడు ఫోన్ పారేయకుండా మరొకటి వేసుకోవచ్చు.

రైతుకు బటన్ ఫోన్ చేసే మేలును చాలామంది తక్కువగా చూస్తారు. పట్టుగూళ్లను కొద్ది రోజుల్లోనే అమ్మేయాలి, లేకపోతే లోపలి పురుగు చిలుకై గూడు తొలుచుకుని బయటికొస్తుంది. దారం తెగిపోతుంది, ధర పడిపోతుంది. హిందూపురం మార్కెట్‌కు పోవాలా, కర్ణాటకలోని శిడ్లఘట్టకో రామనగరానికో పోవాలా అన్నది గూళ్లు బండికెక్కకముందే తేల్చుకోవాలి. ఆ ఉదయం ధర ఎంత పలికిందో తెలిసిన మనిషికి ఒక్క ఫోన్ చేస్తే చాలు. కేరళ తీరంలో సెల్లు వచ్చాక జాలర్లు ఏ రేవులో ధర బాగుందో పడవలోంచే అడిగి తెలుసుకున్నారని, దాంతో రేవుల మధ్య ధరల తేడా తగ్గి చేపలు వృథా కావడం ఆగిందని ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో చూపించారు. అది మామూలు కాల్స్‌తోనే జరిగింది. బోరు మోటారుకు సిమ్ ఉన్న స్టార్టర్ బిగించుకున్న రైతులు ఇంటి నుంచే ఫోన్ చేసి, అంకె నొక్కి మోటారు వేస్తున్నారు. దానికీ బటన్ ఫోనే చాలు.

ఎక్కువ అన్యాయం జరుగుతున్నది భాష దగ్గర. మన దేశంలో అమ్మే ఫోన్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 మూడో భాగం అనే ప్రమాణం పెట్టింది. దాని ప్రకారం వచ్చిన మెసేజ్‌ను 22 భారతీయ భాషల్లోనూ చదువుకునే వీలు ఫోన్‌లో ఉండాలి. టైపు చేయడానికి మాత్రం ఇంగ్లిషు, హిందీ, వాటికి తోడు మరో భారతీయ భాష ఉంటే చాలు. ఆ మూడోది తెలుగే కావాలన్న నియమం లేదు. అంటే తెలుగులో చదువుకోవడం హక్కు, తెలుగులో రాయడం తయారీదారు దయ. ధర్మవరంలో కొనే ఫోన్‌లో తెలుగు మెనూ, తెలుగు టైపింగ్ లేకపోవడం ఏ విధంగానూ సమర్థించుకోలేని లోపం. కొనేవాళ్లు డబ్బు చెల్లించకముందే సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకు మార్పించుకుని, ఒక మెసేజ్ తెప్పించుకుని, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. చదివి వినిపించమని ఇంకొకరిని అడగాల్సి వస్తే బ్యాంకు మెసేజ్‌లోని నిల్వ ఎంతో వాళ్లకూ తెలిసిపోతుంది. పేరు, అంకె పైకి పలికే ఫోన్లు కూడా ఉన్నాయి. చదువు రానివారికి అవి బాగా ఉపయోగపడతాయి.

డబ్బు పంపడానికి టచ్ ఫోన్ తప్పదన్న నమ్మకం సరికాదు. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు మొదలుపెట్టిన యూపీఐ 123పే బటన్ ఫోన్ల కోసమే వచ్చింది. ఇంటర్నెట్ లేకుండా ఫోన్ చేసి అంకెలు నొక్కి చెల్లించవచ్చు. ఒక్కసారికి 5,000గా ఉన్న పరిమితిని తర్వాత 10,000 రూపాయలు చేశారు. బ్యాంకు ఓటీపీ కూడా బటన్ ఫోన్‌కే వస్తుంది. వాట్సాప్‌లో పెళ్లి పత్రికనో బ్యాంకు నోటీసనో పేరు పెట్టి పంపే ఏపీకే (యాప్) ఫైళ్లు బటన్ ఫోన్‌లో తెరుచుకోవు కాబట్టి ఆ రకం మోసం దాని జోలికి రాదు. మాటలతో మభ్యపెట్టి ఓటీపీ అడిగేవాళ్లు మాత్రం ఏ ఫోన్‌కైనా చేస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బటన్ ఫోన్ సరిపోని చోట్లూ ఉన్నాయి. చీర అంచు, బుటా, రంగుల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగే ధర్మవరం వ్యాపారంలో కెమెరా లేకపోతే పని సాగదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను మొదలుపెట్టింది, అదీ వాట్సాప్ మీదే. ఆ సేవ మంచిదే. కానీ ఒక ధ్రువపత్రం కోసం బటన్ ఫోన్ మనిషి పక్కింటి కుర్రాడి చేతికి తన ఆధార్ వివరాలు ఇవ్వాల్సి రావడం మంచిది కాదు. ఏ సేవ తెచ్చినా అదే పని మామూలు ఫోన్ కాల్‌తోనూ పూర్తయ్యేలా చూడటం ప్రభుత్వ బాధ్యత.

టచ్ ఫోన్ తప్పనప్పుడు దాన్ని సులువు చేసి ఇవ్వాలి. చాలా ఫోన్లలో పెద్ద బొమ్మలు చూపించే ఈజీ మోడ్ ఉంటుంది. అక్షరాల సైజు పెంచి, మొదటి తెర మీద ఫోన్, వాట్సాప్, కెమెరా, టార్చి మాత్రమే ఉంచి, మిగతావి కనబడకుండా తీసేయాలి. అయినవాళ్ల ఫొటోలను నొక్కితే కాల్ వెళ్లేలా పెట్టాలి. తెలుగులో మాట్లాడితే రాసే మైకు బటన్ ఎక్కడుందో చూపించాలి. ఇదంతా ఒక పూట పని. బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన పిల్లలు కొత్త ఫోన్ ఇచ్చి మర్నాడే రైలెక్కకుండా ఆ పూట కేటాయిస్తే తల్లిదండ్రులకు ఏడాదంతా సుఖం.

ఫోన్ సులువైనా రీచార్జి భారమైతే లాభం లేదు. ఇంటర్నెట్ వాడనివాళ్లు కూడా డేటా ప్యాకే కొనాల్సి వచ్చేది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చి, కాల్స్‌కూ మెసేజ్‌లకూ మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా ఉండాలని కంపెనీలను ఆదేశించింది, స్పెషల్ వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. షాపులో అడగనిదే ఈ ప్యాక్ సంగతి చెప్పకపోవచ్చు. డేటా లేనిది కావాలని అడిగి తీసుకోవాలి.

డబ్బు చెల్లించే ముందు *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. అది డబ్బా మీది అంకెతో కలవాలి. కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ అంకె చేర్చి 14422కు మెసేజ్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. 2017 నుంచి అమ్మే బటన్ ఫోన్లలో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే ఆపద కాల్ వెళ్లే ఏర్పాటు తప్పనిసరి. ఆ అంకె ఏదో పెద్దవాళ్లకు చూపించాలి. బిల్లును ఆధార్ కార్డు పక్కన భద్రంగా ఉంచాలి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీ జతచేసి, 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్ ద్వారా ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించవచ్చు. మళ్లీ దొరికితే అక్కడే అన్‌బ్లాక్ చేయించుకోవచ్చు.