కెమెరా ఎవరి చేతిలో?

హైదరాబాదు వెళ్లిన మన విద్యార్థులలో ఏ.సి. గార్డ్స్ పేరు విననివారు అరుదు. ఆ రెండక్షరాలు ‘ఆఫ్రికన్ కావల్రీ’ అన్న మాటలకు పొడి అక్షరాలని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. నిజాము కొలువులో ఆఫ్రికా సంతతివారైన సిద్దీల అశ్వదళం ఉండెడిది. 1948 తరువాత దళం పోయింది. కుటుంబాలు మిగిలినవి, మర్ఫా వాద్యం మిగిలింది.

పత్రికలలో సిద్దీల బొమ్మ చూచినప్పుడల్లా నాకు ఆ మర్ఫా వాయించే చేతులే కనబడినవి. బడికి పోయే వారి ఆడపిల్ల గాని, అరుగుమీద కూర్చున్న ముసలి తండ్రి గాని కనబడరు.

అమెరికాలోని నల్లజాతివారు ఇట్టి కొరతను తామే తీర్చుకొన్నారు. న్యూయార్కులోని హార్లెంలో జేమ్స్ వాన్ డెర్ జీ స్టూడియోకు ఇరుగుపొరుగువారు పెళ్లి బట్టలతో, పిల్లలతో వచ్చి తమకు నచ్చిన రీతిలో నిలబడేవారు. 1942లో వాషింగ్టన్‌లో గోర్డన్ పార్క్స్, ప్రభుత్వ కార్యాలయంలో ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను చీపురుతో జాతీయ జెండా ముందు నిలిపి చిత్రం తీసినాడు. లోకం ఆ ఒక్క చిత్రాన్నే పొగడుతుంది. నాకు దానికంటె గొప్పగా తోచేది తరువాతి పని: వారాల తరబడి ఆమె ఇంటికి, ప్రార్థనా మందిరానికి వెళ్లి, మనుమలతో ఉన్న ఆమెను చిత్రించినాడు.

పరాయివాడు మంచి చిత్రం తీయలేడా? తీయగలడు. సిద్దీలపై కేతకీ శేఠ్ 2013లో వెలువరించిన గ్రంథమే సాక్ష్యం. కాని ఏది తీయకూడదో ఇంటివానికే బాగుగా తెలియును.

ఈ మాట మన ఆర్మూరుకూ చెల్లుతుంది. పసుపు కాలంలో వచ్చే కెమెరాలు రాశులను, చేతులు పచ్చబడిన కూలి స్త్రీలను తీసికొని పోవును, పేరు అడుగవు. పండుగనాడు ఈద్‌గాహ్‌లో టోపీల వరుస తీయుదురు. ఆ టోపీలలో ఒకటి లెక్కల మాస్టరుదని, మరొకటి బస్సు డ్రైవరుదని బొమ్మ చెప్పదు.

మన సంచికలు మాత్రం ఏమి చేసినవి? వేదిక, పూలదండ, ముఖ్య అతిథి!

కాలేజీ కమిటీ పెద్దలకు మనవి: రాబోయే సంచికలో నాలుగు పుటలు విద్యార్థులు తమ ఇండ్లలో, వాడలలో తీసిన చిత్రాలకు కేటాయించవలెను. చిత్రంలోనివారి అనుమతి ఉండవలె. క్రింద వారి పేరు, పని ఉర్దూలోను తెలుగులోను అచ్చు వేయవలె. కెమెరా కొననక్కరలేదు; ప్రతి జేబులోను ఫోను ఉన్నది. అచ్చు ఖర్చు పెరుగుననే మాట నిజమే. అందుకు ఒక ఏడాది దండల ఖర్చు చాలునేమో లెక్క చూడగోరుచున్నాను.