పచ్చకామెర్ల కన్ను

సినిమా బొమ్మకు రంగు దిద్దటం కేవలం శిల్పానికి సంబంధించిన విషయమనీ, అందులో రాజకీయం వెతకటం విమర్శకుల చాదస్తమనీ మన మిత్రులు కొందరు వాదిస్తున్నారు. కలర్ గ్రేడింగ్ వారి దృష్టిలో పెళ్ళికూతురి కాటుక వంటిది. యీ వాదం పైకి అమాయకంగా వున్నా, లోన ప్రమాదం వుంది.

2000లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన 'ట్రాఫిక్' చూడండి. మాదకద్రవ్యాల వ్యాపారం మీద తీసిన ఆ చిత్రంలో మెక్సికో అంతా ఎండిన పొగాకు రంగు; అమెరికా న్యాయమూర్తి ఇల్లూ, ప్రభుత్వ కార్యాలయాలూ చల్లని నీలం. కథలు కలగాపులగం కాకుండా ప్రేక్షకుడు గుర్తుపట్టటానికే యీ యేర్పాటని సమర్థకులు అంటారు. ఒప్పుకుందాం. మరి నీలాన్ని మెక్సికోకూ, పసుపును అమెరికాకూ ఎందుకివ్వలేదు? దీనికి జవాబు శిల్పశాస్త్రంలో లేదు, చరిత్రలో వుంది.

2020లో వచ్చిన 'ఎక్స్‌ట్రాక్షన్' కథ ఢాకాలో జరుగుతుంది. చిత్రీకరణ చాలావరకు అహమ్మదాబాదులోనూ, థాయిలాండులోనూ జరిగింది. ఎక్కడి వెలుతురైనా ఒకే పసుపులో ముంచి దానికి ఢాకా అని పేరు పెట్టారు. నదుల మధ్య, వానల మధ్య బతికే నగరం జబ్బు మనిషి ముఖంలా కనిపిస్తుంది. పేదరికానికి కారణం చెప్పవలసిన చోట వాతావరణం చూపించారు. ఆ దుమ్ము, ఆ ఉక్క, ఆ హింస అక్కడి నేల స్వభావమే అని నమ్మిన ప్రేక్షకుడు, ఎవరి దోపిడీ వల్ల యిట్లా అయిందని అడగడు. విదేశీ కిరాయి సైనికుడు వచ్చి రక్షించటం సహజమే అనుకుంటాడు.

తప్పంతా కంప్యూటరుదనే మిత్రులు కూడా వున్నారు. అదీ పొరపాటే. 'ట్రాఫిక్' పసుపు కెమెరాకు తొడిగిన ఫిల్టర్ల నుంచి వచ్చింది. అదే 2000లో 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' కోసం ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపి వేసవి ఆకుపచ్చను కంప్యూటరులో ఎండుగడ్డి రంగుకు మార్చాడు. 1930ల నాటి మాంద్యకాలాన్ని సూచించటానికి మార్చాడు. ఒక జాతి మీద ముద్ర వేయటానికి కాదు. ఫిల్ము రోజులు మాత్రం పవిత్రమైనవా? కోడాక్ సంస్థ దశాబ్దాలపాటు రంగులు సరిచూసుకోవటానికి తెల్లజాతి స్త్రీ బొమ్మవున్న 'షర్లీ కార్డు'నే కొలబద్దగా పంపిణీ చేసింది. నల్లని చర్మం ఆ కొలతకు అందలేదు. కనుక సాధనం పాతదా కొత్తదా అన్నది కాదు, కొలబద్ద ఎవరి చేతిలో వున్నదన్నదే ప్రశ్న.

నేడు తయారుగా వున్న 'లుక్కులు' సరుకుగా అమ్ముడవుతున్నాయి. తన పల్లెను సెల్‌ఫోనుతో చిత్రించే విద్యార్థి కూడా అవే కొని, తన తల్లి ముఖం మీద పరాయివాడి పసుపు పూస్తున్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఇక్కడ రోగం ఒకడిది, పచ్చబడుతున్న ముఖం మనది.

రంగు దిద్దవద్దని మేము అనటం లేదు. దిద్దే ముందు ఆ రంగు ఆ మనుషుల బతుకులోంచి వచ్చిందా, వారిని చూసి జంకే కంటిలోంచి వచ్చిందా అని అడగమంటున్నాము. కథలో, కవిత్వంలో యీ ప్రశ్న అడగటం నేర్చిన మనం తెర ముందు కూర్చోగానే ఎందుకు మరచిపోవాలి?